టేపుల గది నుండి కోచ్ కుర్చీ వరకు

మనం సర్వీసులో ఉన్న రోజుల్లో ఎంత వాదించుకున్నా తెగని తగాదా ఒకటుండేది. అది డైరెక్ట్ రిక్రూటీలకూ ప్రమోటీలకూ మధ్య సీనియారిటీ తగాదా. పరీక్ష రాసి నేరుగా పై కుర్చీలో కూర్చున్నవాడు గొప్పా, కింది మెట్టున చేరి ఫైళ్లు మోసి ఒక్కొక్క మెట్టే ఎక్కివచ్చినవాడు గొప్పా అన్నదే దాని సారాంశం. ట్రిబ్యునళ్ల దాకా, ఆపైన సుప్రీంకోర్టు దాకా వెళ్లిన అలాంటి కేసులు మన సభ్యులకు కొత్తవి కావు. ఈ ప్రత్యేక సంచికకు ఆటల విషయమై ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, ఆ తగాదాను గుర్తుచేసే ఒక అమెరికా ఉద్యోగి చరిత్ర రాయాలనిపించింది. అతడి పేరు ఎరిక్ స్పోల్‌స్ట్రా. కాలేజీ జట్టులో బాస్కెట్ బాల్ ఆడాడు. పెద్ద లీగులో ఆడే అవకాశం రాలేదు. 1995లో మయామీ హీట్ అనే జట్టులో వీడియో టేపులు చూసుకునే పనిలో చేరాడు. 13 ఏళ్లకు అదే జట్టుకు ప్రధాన కోచ్ అయ్యాడు. మనుమలు అమెరికాలో ఉన్న సభ్యులకు ఈ పేరు టీవీలో వినబడే ఉంటుంది. మిగిలినవారికి ఆట పుట్టుక దగ్గర నుంచి చెప్పడమే మంచిది.

బాస్కెట్ బాల్ ఏ పల్లెలోనో తరతరాలుగా ఆడుతూ వచ్చిన ఆట కాదు. ఒక ఉద్యోగి, పై అధికారి ఆదేశం మీద, తయారుచేసిన ఆట. 1891 డిసెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాల ఒకటుండేది. మంచు కురిసే చలికాలంలో కుర్రవాళ్లకు బయట ఆటల్లేక, లోపల కసరత్తులంటే విసుగెత్తి అల్లరి చేస్తుంటే, వాళ్లను నిమగ్నం చేసే ఆటను కనిపెట్టమని జేమ్స్ నైస్మిత్ అనే అధ్యాపకుడికి పని అప్పగించారు. ఆయన 13 నియమాలు రాసి, పీచ్ పండ్ల బుట్టలు రెండు బాల్కనీ అంచుకు కొట్టించి ఆట మొదలుపెట్టారు. బుట్టలకు అడుగు ఉండేది గనుక బంతి పడిన ప్రతిసారీ నిచ్చెన వేసి తీయవలసి వచ్చేది. అడుగు తీసేయవచ్చుగదా అన్న ఆలోచన తర్వాత గాని రాలేదు. ఆఫీసుల్లో ఇలాంటివి మనమూ చూసినవే.

ఈ ఆట మన వైపుకు వచ్చింది కూడా వై.ఎం.సి.ఎ. ద్వారానే. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల స్థాపించారు. పాతతరం డ్రిల్లు మేష్టార్లలో మద్రాసులో శిక్షణ పొందివచ్చినవారు ఎందరో. హైస్కూలు ఆవరణలో రెండు కర్రలు పాతి, ఇనుప రింగులు బిగించి, తెల్లసున్నంతో గీతలు గీయించింది వారే.

నైస్మిత్ 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ జట్టుకు ఆయనే మొదటి కోచ్. విచిత్రమేమంటే, ఆ విశ్వవిద్యాలయపు కోచ్‌లందరిలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువగా ఉన్నది ఆట కనిపెట్టిన ఆ మహానుభావుడికి ఒక్కరికే. 55 గెలిచి 60 ఓడారు. ఆటను నేర్పవలసిన విద్యగా ఆయన భావించలేదని, ఆడి ఆనందించవలసిన వ్యాయామంగానే చూశారని అంటారు. కాని ఆయన దగ్గర ఆడిన ఫాగ్ అలెన్ అనే కుర్రవాడికి ఆ అభిప్రాయం లేదు. అలెన్ కోచింగునే వృత్తిగా పట్టుకుని, అదే కాన్సస్‌లో 1956 వరకు పనిచేశారు. అలెన్ దగ్గర ఆడిన అడాల్ఫ్ రప్ 1930 నుండి 1972 వరకు కెంటకీ విశ్వవిద్యాలయంలో కోచ్. రప్ దగ్గర ఆడినవారు పాట్ రైలీ. రైలీ దగ్గర పనిచేసినవాడు మన స్పోల్‌స్ట్రా. సంగీతంలో ఫలానావారి శిష్యపరంపర అని చెప్పుకుంటామే, అలా నైస్మిత్ నుంచి లెక్కవేస్తే ఇతడు అయిదోవాడు. ఆటగాడు కాలేజీ దాటాక అదే ఆటలో ఉద్యోగిగా మిగలడం అన్న దారిని వేసింది ఈ పరంపరే.

స్పోల్‌స్ట్రా సంగతి అర్థం కావాలంటే రైలీ సంగతి కాస్త చెప్పాలి. ఆయన 1966లో కెంటకీ జట్టు తరఫున జాతీయ కాలేజీ ఫైనల్ ఆడారు. కెంటకీలో అందరూ తెల్లవారే. ఎదుటి జట్టు టెక్సాస్ వెస్ట్రన్. దాని కోచ్ డాన్ హాస్కిన్స్ అయిదుగురు నల్లజాతి ఆటగాళ్లతో ఆట మొదలుపెట్టి 72-65తో గెలిచారు. అమెరికా ఆటల చరిత్రలో దక్షిణాది కాలేజీల తలుపులు తెరిపించిన మ్యాచ్‌గా దాన్ని చెబుతారు. ఓడిన పక్షాన ఆ చరిత్రను దగ్గర నుండి చూసినవారు రైలీ. తర్వాత ఎన్.బి.ఎ. అనే వృత్తి లీగులో 9 సీజన్లు ఆడారు. పెద్ద తార ఏమీ కాదు. 1971-72లో వరుసగా 33 మ్యాచ్‌లు గెలిచిన లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టులో బెంచి మీది ఆటగాడు. 1976లో ఆట ముగిసింది. మరుసటి ఏడాది లేకర్స్ వారు ఆయనను రేడియో, టీవీ వ్యాఖ్యాత చిక్ హెర్న్ పక్కన సహాయకుడిగా పెట్టుకున్నారు. జట్టు ప్రయాణపు ఏర్పాట్లు కూడా చూసేవారు.

ఆ తర్వాత జరిగినదంతా యాదృచ్ఛికమే. 1979లో లేకర్స్ కోచ్ జాక్ మెకిన్నీ సైకిలు మీద నుంచి పడి తీవ్రంగా గాయపడ్డారు. ఆయన సహాయకుడు పాల్ వెస్ట్‌హెడ్ కోచ్ అయ్యారు. వెస్ట్‌హెడ్‌కు సహాయకుడు కావలసి వచ్చి వ్యాఖ్యాత పెట్టెలో ఉన్న రైలీని పిలిచారు. 1981 నవంబరులో వెస్ట్‌హెడ్‌ను తొలగించి రైలీని కోచ్ చేశారు. లేకర్స్‌తో ఆయన 1982, 1985, 1987, 1988 సంవత్సరాల్లో ఛాంపియన్ అయ్యారు. పక్క గదిలో నుంచి పైకి వచ్చినవారు గనుక, పక్క గదుల్లో పనిచేసేవారి వైపు ఆయన చూపు ఉండేదని నా అభిప్రాయం.

వెస్ట్‌హెడ్ పేరు గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

స్పోల్‌స్ట్రా 1970 నవంబరు 1న ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎవన్‌స్టన్‌లో పుట్టాడు. తాత వాట్సన్ స్పోల్‌స్ట్రా డెట్రాయిట్ పత్రికలో క్రీడా విలేకరి. తండ్రి జాన్ ఎన్.బి.ఎ. జట్ల కార్యాలయాల్లో పెద్ద ఉద్యోగాలు చేసినవాడు. తల్లి ఎలీసా ఫిలిప్పీన్స్ దేశంలోని లగూనా రాష్ట్రం సాన్ పాబ్లో పట్టణం నుంచి వచ్చినావిడ. ఫిలిప్పీన్స్‌లో బాస్కెట్ బాల్ అంటే మనకు క్రికెట్ లాంటిది. 1954 ప్రపంచ పోటీల్లో ఆ చిన్న దేశం మూడోస్థానం తెచ్చుకుంది. పిల్లవాడు ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పెరిగి, 1988లో అక్కడి పోర్ట్‌లాండ్ విశ్వవిద్యాలయం జట్టులో చేరాడు. పాయింట్ గార్డ్ స్థానం. అంటే బంతిని ముందుకు తెచ్చి, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించేవాడు. మొదటి సంవత్సరంలో తమ కాన్ఫరెన్సు మొత్తానికి ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికయ్యాడు. కాలేజీ ఆటలో అతడి సగటు మ్యాచ్‌కు 9 పాయింట్ల పైచిలుకు.

1990 మార్చి 4న లాస్ ఏంజెలెస్‌లో పోర్ట్‌లాండ్ జట్టు లొయోలా మేరీమౌంట్ కాలేజీతో కాన్ఫరెన్సు సెమీఫైనల్ ఆడుతున్నది. లొయోలా జట్టులో హాంక్ గాథర్స్ అనే 23 ఏళ్ల యువకుడు దేశమంతటా పేరుపొందినవాడు. అంతకు ముందు సీజనులో పాయింట్లలోనూ, రీబౌండ్లలోనూ దేశంలోకెల్లా ప్రథముడు. 1989 డిసెంబరులో ఒక మ్యాచ్‌లో స్పృహతప్పి పడిపోగా, గుండె లయ సరిగా లేదని డాక్టర్లు కనిపెట్టి మందులు ఇచ్చారు. మళ్లీ ఆడసాగాడు. ఆ మార్చి రోజున ఒక అందమైన బుట్ట వేసి, వెనక్కు వస్తూ కోర్టు మధ్యలో కుప్పకూలాడు. లేవబోయాడు. లేవలేకపోయాడు. ఆ సాయంత్రమే మరణించాడు. ఎదుటి జట్టు పాయింట్ గార్డ్‌గా స్పోల్‌స్ట్రా ఆ క్షణంలో కొద్ది అడుగుల దూరంలో ఉన్నాడు. అప్పటికి వయసు 19. లొయోలా కోచ్ ఎవరనుకున్నారు? పదేళ్ల కిందట రైలీని వ్యాఖ్యాత పెట్టె నుండి బెంచి మీదికి తెచ్చిన పాల్ వెస్ట్‌హెడ్. టోర్నమెంటు అక్కడితో రద్దయింది. తర్వాత జాతీయ పోటీల్లో గాథర్స్ స్నేహితుడు బో కింబుల్, కుడిచేతివాటం వాడైనా, ప్రతి మ్యాచ్‌లో తన మొదటి ఫ్రీ త్రోను ఎడమచేత్తో వేశాడు. స్నేహితుడు ఎడమచేత్తో వేసేవాడు గనుక. అది చూసిన అమెరికావారు ఈనాటికీ చెప్పుకుంటారు.

1992లో డిగ్రీ అయ్యింది. ఎన్.బి.ఎ. జట్లేవీ పిలవలేదు. ఆరడుగుల పైచిలుకు మనిషి ఆ లీగులో పొట్టివాడి కింద లెక్క. తర్వాత జర్మనీలోని హెర్టెన్ అనే చిన్న ఊరి క్లబ్బులో రెండేళ్లు ఆడాడు. అక్కడే కుర్రవాళ్ల జట్టుకు కోచింగు కూడా ఇచ్చాడు. 1995లో క్లబ్బువారు మరో రెండేళ్లు ఉండమన్నారు. అదే సమయంలో మయామీ హీట్ నుంచి పిలుపు వచ్చింది. ఆటగాడిగా కాదు, వీడియో విభాగంలో పనికి. ఆడే ఉద్యోగం ఒకవైపు, ఆడేవాళ్లకు టేపులు తయారుచేసే ఉద్యోగం ఒకవైపు. పాతికేళ్లు కూడా నిండని వయసులో రెండవది ఎంచుకోవడం తేలిక కాదు. కాళ్లలో సత్తువ ఉండగానే ఇక ఆడనని తేల్చుకోవాలిగదా!

ఇక్కడ సిఫార్సు ప్రశ్న వేసేవారుంటారు. వేయవలసిందే. తండ్రికి ఆ వర్గాల్లో పరిచయాలున్నమాట నిజం. ఆ ఇంటిపేరు తలుపు దాకా తీసుకువెళ్లి ఉండవచ్చు. కాని సిఫార్సుతో వచ్చినవాడు కోరుకునే కుర్చీ అది కాదు. ఆ తర్వాతి 13 ఏళ్లు ఎవరి సిఫార్సూ పనిచేసే రకం కాదు.

అతడు చేరిన కొద్ది నెలల్లోనే యాజమాన్యం పాట్ రైలీని తెచ్చింది. ఆయన 1995 జూన్‌లో న్యూయార్క్ నిక్స్ కోచ్ పదవికి ఫ్యాక్సు ద్వారా రాజీనామా పంపి పెద్ద దుమారం లేపారు. మయామీవారు న్యూయార్క్‌కు పరిహారంగా పది లక్షల డాలర్లు, ఒక మొదటి రౌండు ఎంపిక హక్కు ఇచ్చుకోవలసి వచ్చింది. కొత్త పెద్ద అధికారి వస్తే కింది సిబ్బందికి ఎంత గుబులో మనకు తెలుసు. రైలీ తన సొంత మనుషులను వెంట తెచ్చుకోవాలనుకున్నారని, వీడియో కుర్రవాడికి అప్పటికే కుదిరిన ఒప్పందం అడ్డువచ్చిందని చెబుతారు.

ఆ పని ఎలాంటిదో చెప్పాలి. ఇప్పుడు ఫోనులో వేలితో తాకితే ఏ మ్యాచ్‌లోని ఏ ఘట్టమైనా వస్తుంది. 1995లో అలా లేదు. డిష్ యాంటెన్నా పట్టిన ప్రసారాలను వి.సి.ఆర్.లలో రికార్డు చేయాలి. ఎన్.బి.ఎ.లో జట్టుకు 82 మ్యాచ్‌లు, అందులో 41 పరాయి ఊళ్లలో. రేపు ఆడబోయే జట్టు గత వారంలో ఆడిన మ్యాచ్‌లన్నీ ముందు సంపాదించాలి. ఒక యంత్రంలో టేపు వేసి, వెనక్కూ ముందుకూ తిప్పుతూ, ఫలానా ఆటగాడు ఎడమవైపు తిరిగినప్పుడు ఏం చేశాడు, ఫలానా సంకేతం ఇచ్చినప్పుడు అయిదుగురూ ఎక్కడికి కదిలారు అని ఒక్కొక్కటి రాసుకుని, కావలసిన ముక్కలను మరో యంత్రంలోని టేపుకు ఎక్కించాలి. ఒక ముక్క తప్పుగా పడితే అక్కడి నుంచి మళ్లీ మొదలు. 48 నిమిషాల ఆట నుండి పనికివచ్చే పది నిమిషాలు తీయడానికి రాత్రి గడిచిపోయేది. ఉదయం కోచ్‌ల సమావేశానికి టేపు బల్ల మీద ఉండాలి. గది కిటికీలు లేని చీకటి గది. రాత్రి మ్యాచ్, తర్వాత విమానం, తెల్లవారితే మరో ఊరు. అర్ధరాత్రి దాటాక తక్కినవారు పడుకుంటే ఇతడి పని అప్పుడే మొదలు.

ఆడిట్ సెక్షన్‌లో పనిచేసినవారికి ఈ పని రుచి చప్పున తెలుస్తుంది. వోచర్లు ఒక్కొక్కటే తిరగేసేవాడికి ఆఫీసు మొత్తం ఎలా నడుస్తోందో ఆఫీసరు కంటే ముందే అర్థమవుతుంది. స్పోల్‌స్ట్రాకూ జరిగినది అదే. లీగులోని అన్ని జట్ల ఎత్తులూ ఏళ్లపాటు ముక్కలు ముక్కలుగా కళ్లముందు నుంచి పోయాయి. పేరుపొందిన ఆటగాడికి తన స్థానం తెలుస్తుంది. టేపుల గదిలో ఉన్నవాడికి అయిదు స్థానాలూ తెలుస్తాయి.

మెట్లు ఇలా ఉన్నాయి. రెండేళ్లు వీడియో పని. 1997లో సహాయ కోచ్ హోదా, వీడియో బాధ్యత కూడా ఉంచారు. 1999లో సహాయ కోచ్, ఎదుటి జట్లను ముందుగా వెళ్లి చూసివచ్చే స్కౌటు. 2001లో స్కౌటింగు విభాగానికి అధిపతి. మన లెక్కలో ఎల్.డి.సి., యు.డి.సి., సూపరింటెండెంటు అన్నట్టు. ఒక్క మెట్టూ దాటవేయలేదు.

2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ నుంచి డ్వేన్ వేడ్ అనే యువ ఆటగాడు మయామీకి తిరిగి వచ్చినప్పుడు, అతడి షాటులో నిలకడ, దూకి దిగేటప్పటి తూకం సరిచేసే పని స్పోల్‌స్ట్రాకు అప్పజెప్పారు. వేడ్ అప్పటికే జట్టు ఆశాకిరణం. చెప్పేవాడు ఎన్.బి.ఎ.లో ఒక్క నిమిషం కూడా ఆడనివాడు. వినాలా వద్దా అన్నది వేడ్ ఇష్టం. అతడు విన్నాడు. 2006లో మయామీ మొదటిసారి ఛాంపియన్ అయింది. డల్లాస్‌తో ఫైనల్స్‌లో మొదటి రెండు మ్యాచ్‌లు ఓడి, తర్వాత వరుసగా నాలుగు గెలిచారు. వేడ్ ఆ ఫైనల్స్‌కు ఉత్తమ ఆటగాడు. కోచ్ రైలీ. స్పోల్‌స్ట్రా సహాయ కోచ్‌ల వరుసలో ఉన్నాడు.

రెండేళ్లలో అంతా తలకిందులైంది. 2007-08లో జట్టు 82 మ్యాచ్‌ల్లో 15 మాత్రమే గెలిచింది. 2008 ఏప్రిల్ 28న రైలీ కోచ్ పదవి వదిలి అధ్యక్ష స్థానానికి పరిమితమై, ఆ కుర్చీలో 37 ఏళ్ల స్పోల్‌స్ట్రాను కూర్చోబెట్టారు. అమెరికాలోని నాలుగు పెద్ద వృత్తి క్రీడా లీగుల్లో ఆసియా సంతతివాడు ప్రధాన కోచ్ కావడం అదే మొదటిసారి. మరుసటి ఏడు జట్టు 43 గెలిచింది.

అసలు పరీక్ష 2010లో వచ్చింది. లెబ్రాన్ జేమ్స్, క్రిస్ బాష్ ఇద్దరూ వచ్చి వేడ్‌తో కలిశారు. దేశంలో సగంమంది ఆ జట్టు ఓడిపోవాలని కోరుకున్నారు. మొదటి 17 మ్యాచ్‌ల్లో 9 గెలిచి 8 ఓడారు. నవంబరు 27న డల్లాస్‌లో విరామం సమయంలో జేమ్స్ నడుస్తూ కోచ్ భుజాన్ని తగిలి వెళ్లాడు. కావాలని కొట్టాడా, పొరపాటున తగిలిందా అని టీవీల్లో రోజుల తరబడి చర్చ. దానికంటే పెద్ద చర్చ, రైలీ దిగివచ్చి కోచ్ కుర్చీ తీసుకుంటారని. 2005 డిసెంబరులో స్టాన్ వాన్ గండీ పదవి వదిలినప్పుడు ఆయన అలా తీసుకున్న ఉదాహరణ ఉంది గనుక ఎవరూ దాన్ని కొట్టిపారేయలేదు. ముగ్గురు ఆటగాళ్ల జీతాలు కోచ్ జీతం కంటే ఎన్నో రెట్లు. పేరు సంగతి చెప్పనక్కరలేదు. అలాంటి చోట, టేపుల గది నుంచి వచ్చిన మనిషి మాట ఎంతవరకు చెల్లుతుంది? ప్రమోటీని కలెక్టరు సీట్లో కూర్చోబెట్టి, జిల్లాలో పలుకుబడిగల ముగ్గురిని ఒకేసారి కిందకు పంపినట్టుంది ఆ పరిస్థితి.

రైలీ దిగిరాలేదు. నా దృష్టిలో ఈ కథలో ఆయన చేసిన గొప్ప పని అదే. నాలుగుసార్లు లేకర్స్‌తో, ఒకసారి మయామీతో గెలిచిన మనిషి, కళ్లెదుట కావలసినంత ప్రతిభ ఉండగా, పత్రికలు రమ్మని పిలుస్తుండగా, తన కిందివాడి కుర్చీని ముట్టుకోకుండా ఉన్నారు. అలా ఉండగలిగిన అధికారులు మీ సర్వీసులో ఎందరు తారసపడ్డారో మీరే లెక్కపెట్టుకోండి.

2011 ఫైనల్స్‌లో మళ్లీ డల్లాస్. మయామీ ఒక మ్యాచ్ గెలిచి, రెండవదానిలో ఏడు నిమిషాల ఆట మిగిలి ఉండగా 15 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. ఆ మ్యాచ్ ఓడింది. చివరకు 4-2తో ఫైనల్స్ ఓడింది. ఆ వేసవిలో స్పోల్‌స్ట్రా తన రాష్ట్రం ఓరెగాన్‌కు వెళ్లి, బాస్కెట్ బాల్‌కు సంబంధంలేని అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ చిప్ కెల్లీ దగ్గర కూర్చున్నాడు. మైదానాన్ని వెడల్పుగా పరిచి, వేగంతో ఎదుటివారిని ఉక్కిరిబిక్కిరి చేయడం కెల్లీ పద్ధతి. ఆ ఆలోచనను కోర్టు మీదికి తెచ్చాడు. అంతవరకు బాస్కెట్ బాల్‌లో పొడుగువాడు బుట్టకింద నిలబడడం ఆచారం. ఇతడు బాష్‌ను బుట్టకు దూరంగా జరిపి షాట్లు వేయించాడు. మధ్యలో ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకి జేమ్స్, వేడ్ దూసుకుపోయారు. స్థానాల పేర్లు కాగితం మీదనే మిగిలాయి. 2012లో ఒక్లహామా సిటీ మీద 4-1తో ఛాంపియన్లయ్యారు.

2013లో వరుసగా 27 మ్యాచ్‌లు గెలిచారు. ఒకే సీజనులో అంతకంటే పెద్ద వరుస లేకర్స్ 33 ఒక్కటే. పైన చెప్పినట్టు ఆ లేకర్స్ బెంచి మీద రైలీ ఉన్నారు. ఆ ఏడు ఫైనల్స్ శాన్ ఆంటోనియోతో. ఆరవ మ్యాచ్‌లో ఓటమి ఖాయమనుకుని కోర్టు చుట్టూ పసుపు తాడు కట్టడానికి సిబ్బంది సిద్ధమవుతుండగా, 5.2 సెకన్లు ఉందనగా రే అలెన్ మూలనుంచి మూడు పాయింట్ల షాటు వేసి సమం చేశాడు. వెనక్కు అడుగులు వేసుకుంటూ, గీత తొక్కకుండా, అక్కడికి ఎలా చేరాడో టేపు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. ఏడవ మ్యాచ్ కూడా గెలిచి రెండవసారి ఛాంపియన్లయ్యారు.

2014లో శాన్ ఆంటోనియో చేతిలో ఓటమి, ఆ వేసవిలోనే జేమ్స్ వెళ్లిపోవడం, రక్తపు గడ్డల జబ్బుతో బాష్ ఆట ఆగిపోవడం, 2016లో వేడ్ కూడా వేరే జట్టుకు పోవడం వరుసగా జరిగాయి. తారలున్నందువల్లే గెలిచాడన్నవారికి ఇప్పుడు పరీక్ష తిరగబడింది. 2016-17 సీజను లెక్క చూడండి. మొదటి 41 మ్యాచ్‌ల్లో 11 గెలుపు, 30 ఓటమి. తర్వాతి 41లో 30 గెలుపు, 11 ఓటమి. మొత్తం 41-41. ప్లే ఆఫ్స్‌కు కూడా వెళ్లలేదు. అయినా రెండు ఛాంపియన్‌షిప్పుల కంటే ఆ సగం సీజనే అతడి పనితనానికి మంచి సర్టిఫికెట్ అని నేననుకుంటాను. 2017లోనే మయామీ కోచ్‌గా రైలీ సాధించిన 454 విజయాల లెక్కనూ దాటాడు.

2020 ఫైనల్స్ కోవిడ్ కారణంగా ఓర్లాండోలోని డిస్నీ ఆవరణలో, ప్రేక్షకులు లేకుండా జరిగాయి. మయామీ, లేకర్స్ చేతిలో 4-2తో ఓడింది. ఆ లేకర్స్ కోచ్ ఫ్రాంక్ వోగెల్. అతడు చిన్న కాలేజీలో ఆడుతూ, రిక్ పిటీనో దగ్గర పని నేర్చుకోవాలని కెంటకీకి మారి, జట్టు మేనేజరుగా సామాన్లు మోసి, తర్వాత బోస్టన్ జట్టులో వీడియో ఉద్యోగంలో చేరినవాడు. అంటే ఆ ఏడు ఫైనల్స్‌లో రెండు బెంచీల మీదా టేపుల గది నుంచి వచ్చినవారే. మైక్ బ్రౌన్ అనే మరో కోచ్ కూడా కాలేజీ ఆట ముగించి డెన్వర్ వీడియో గదిలో మొదలుపెట్టినవాడే. ఒకప్పుడు ఎవరూ తొంగిచూడని ఆ గది పెద్ద కుర్చీకి దారి అయిందన్నమాట.

2023లో మయామీ ఎనిమిదో స్థానంలో ప్లే ఆఫ్స్‌కు వచ్చి ఫైనల్స్ దాకా వెళ్లింది. 1999లో న్యూయార్క్ తర్వాత అలా చేసిన రెండవ జట్టు. డెన్వర్ చేతిలో 4-1తో ఓడింది. ఆ జట్టులో ఎంపికల రోజున ఎవరూ తీసుకోని ఆటగాళ్లు అనేకులు. వారికి పెద్ద ఉదోనిస్ హాస్లెమ్. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఆడి, ఎవరూ ఎంపిక చేయక, ఫ్రాన్సులో ఒక సీజను ఆడి, 2003లో మయామీకి వచ్చి 20 సీజన్లు అక్కడే ఉన్నాడు. 2023లో ఆట ముగించిన కొద్ది నెలలకే ఆ సంస్థలో బాస్కెట్ బాల్ అభివృద్ధి విభాగానికి ఉపాధ్యక్షుడిగా ఉద్యోగంలో చేరాడు.

2022 ఫిబ్రవరిలో ఎన్.బి.ఎ. తన 75 ఏళ్ల సందర్భంగా ప్రకటించిన 15 మంది గొప్ప కోచ్‌ల జాబితాలో రైలీ, స్పోల్‌స్ట్రా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ ఏటి ఉత్తమ కోచ్ బహుమతి మాత్రం 2025 వరకు స్పోల్‌స్ట్రాకు ఒక్కసారీ రాలేదు. 2024 జనవరిలో మయామీ అతడితో 8 సంవత్సరాలకు, సుమారు 12 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకున్నట్టు పత్రికలు రాశాయి.

2023 ప్రపంచకప్ పోటీలు మనీలాలో జరిగినప్పుడు అమెరికా జట్టు సహాయ కోచ్‌ల్లో ఒకడిగా స్పోల్‌స్ట్రా తల్లి పుట్టిన దేశానికి వెళ్లాడు. ఆ పోటీల్లో అమెరికాకు నాలుగో స్థానమే దక్కింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్టీవ్ కెర్ కింద మళ్లీ సహాయకుడిగానే ఉన్నాడు. ఈసారి స్వర్ణం వచ్చింది. 2025 అక్టోబరులో అమెరికా జాతీయ జట్టుకు ప్రధాన కోచ్‌గా స్పోల్‌స్ట్రాను ప్రకటించారు. 2028లో ఒలింపిక్స్ జరిగేది లాస్ ఏంజెలెస్‌లో, గాథర్స్ పడిపోయిన ఊళ్లోనే.